లాన్ తీసేసి బర్క్లీ సెడ్జ్ వేసినవాళ్లున్నారా? (కాలిఫోర్నియా)

పెరటితులసి, ఫ్రీమాంట్:
అందరికీ నమస్కారం. ఇక్కడ ఎండాకాలమంతా చినుకు పడదు, ఇంటి ముందు లాన్ మాత్రం నీళ్లు తాగుతూనే ఉంటుంది. మా వీధిలో ఒకరింట్లో చెట్టు కింద జుట్టు విరబోసుకున్నట్టు వాలిన పచ్చటి దుబ్బులు చూసి అడిగితే బర్క్లీ సెడ్జ్ అన్నారు. చాలా నచ్చింది. కానీ అది మన తుంగ కుటుంబమేనని చదివాక టెన్షన్ పట్టుకుంది. ఊళ్లో మా నాన్నగారు తుంగతో పడ్డ అవస్థ నాకు తెలుసు. ఇదీ అలాగే పాకుతుందా? నీళ్లు తక్కువ సరిపోతాయంటారు, నిజమేనా?

మట్టివాసన, వాల్‌నట్ క్రీక్:
తుంగ భయం వద్దండీ. తుంగకి భూమిలో గడ్డలుంటాయి, ఒక్కటి మిగిలినా మళ్లీ లేస్తుంది. బర్క్లీ సెడ్జ్‌కి గడ్డలుండవు, ఉన్నచోటే దుబ్బు కట్టి అడుగు, అడుగున్నర ఎత్తు పెరుగుతుంది. పూల కాడని వేళ్ల మధ్య తిప్పి చూస్తే మూడు పలకలు తగులుతాయి, ఆ పోలిక మాత్రం ఉంది.

అయితే గింజలు రాలి, డ్రిప్ తడి ఉన్నచోట మొలుస్తాయి. గింజ ముదరకముందే కాడలు కత్తిరించేయండి. ఇంకో సంగతి. నర్సరీల్లో చాలా ఏళ్లు దీన్ని కాలిఫోర్నియా స్థానిక మొక్క కేరెక్స్ ట్యూములికోలా పేరుతో అమ్మారు. అలా అమ్మినవాటిలో చాలావరకు నిజానికి కేరెక్స్ డివల్సా, అంటే యూరప్ వైపు నుంచి వచ్చినది. మీ ఇంటి వెనక వాగో కొండో ఉంటే దయచేసి అసలైన ట్యూములికోలానే అడిగి తెచ్చుకోండి. గింజలు బయటి నేలలోకి పోకుండా చూడటం మన బాధ్యతే.

సాయంత్రంనీడ, శాన్ హోసే:
నీళ్ల గురించి నేను చెప్తాను. 2015లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ పట్టణాల నీటి వాడకం 25 శాతం తగ్గించాలని ఆదేశించినప్పుడు మేం లాన్ తీసేశాం. వేసిన మొదటి వేసవిలో వారానికోసారైనా లోతుగా తడపాల్సిందే, వేళ్లు దిగేదాకా ఇది కరువుకి తట్టుకునే మొక్క కాదు. రెండో ఏడాది నుంచి చెట్టు నీడలో ఉన్నవాటికి రెండు మూడు వారాలకోసారి పెడుతున్నాం, పచ్చగా ఉన్నాయి. పడమటెండ తగిలేచోట అవే మొక్కలకి కొనలు మాడతాయి. అందుకే ఎండంతా పడే జాగాకి నేను దీన్ని చెప్పను. పొద్దుటెండ, మధ్యాహ్నం నీడ ఉంటే ఇంతకన్నా మంచి మొక్క లేదు. మాది బంకమట్టి, దానికీ తట్టుకుంది. నీరు నిలవకుండా చూసుకున్నాం.

మట్టివాసన:
నీడ మాట నూటికి నూరుపాళ్లు నిజం. మా వైపు వేసవి ఎండ ఇంకా ఎక్కువ.

గరికపోచ, శాక్రమెంటో:
పెరటితులసి గారూ, మీ లాన్‌లో బెర్ముడా గడ్డి ఉందా? అంటే మన గరికే. వినాయక చవితికి నాలుగు పోచలు కుండీలో ఉంచుకోండి గానీ, నేలలో మిగిల్చి సెడ్జ్ వేస్తే దుబ్బుల మధ్యలోంచి లేస్తుంది, ఇక వేరు చేయలేరు. దానిమీద అట్టపెట్టెలు పరిచి మల్చ్ (నేలని కప్పే చెక్కముక్కలు, ఎండుటాకుల పొర) వేస్తే సరిపోదు. నడివేసవిలో గడ్డిని నేలమట్టంగా కోసి, బాగా తడిపి, పల్చటి పారదర్శక ప్లాస్టిక్ కప్పి అంచులు మట్టితో మూయండి. నాలుగు నుంచి ఆరు వారాలు అలా ఉంచాలి. ఆ తర్వాత కూడా మొలిచినవాటిని వెంటనే పీకేయాలి. మొక్కలు అక్టోబరు, నవంబరుల్లో నాటితే చలికాలపు వానలే సగం పని చేస్తాయి.

లాన్ తీసేసినందుకు నీటి సంస్థ ఇచ్చే రిబేటు తీసుకునే ఆలోచన ఉంటే ముందు వాళ్లకి దరఖాస్తు పెట్టండి. వాళ్లు ఒప్పుకోకముందే లాన్ తీసేస్తే సాధారణంగా డబ్బు రాదు.

బాల్కనీతోట, హైదరాబాద్:
చదువుతుంటే ఆశ పుడుతోంది. ఎవరైనా వచ్చేటప్పుడు గింజలు తేగలరా?

సాయంత్రంనీడ:
వద్దండీ. అనుమతి, తనిఖీ లేకుండా గింజలు తీసుకురాకూడదు. పైగా ఇది మీ వేసవి వేడికి తగినది కాదు. అక్కడ నర్సరీల్లో దొరికే అంబ్రెల్లా పామ్ కూడా తుంగ కుటుంబమే, కానీ దానికి తడి కావాలి.

పెరటితులసి:
అందరికీ చాలా థాంక్స్. మాది సగం నీడే, బెర్ముడా కూడా ఉంది. పిల్లలు ఆ జాగాలోంచే నడుస్తారు, ఫర్వాలేదా? కత్తిరింపు ఎప్పుడు?

గరికపోచ:
దుబ్బుల మీద నడిస్తే నలిగిపోతాయి. నడిచే దారిలో కేరెక్స్ ప్రేగ్రాసిలిస్ వేయండి. అది భూమిలోపల పాకి చాపలా అల్లుకుంటుంది, అడుగు దూరంలో ఒక్కో పిలక చాలు. కాకపోతే పక్క మడుల్లోకి పోకుండా అంచు కట్టాలి.

మట్టివాసన:
కత్తిరింపు చలికాలం చివర్లో, కొత్త చిగురు రాకముందు. నాలుగు అంగుళాలు వదిలి కోయండి. ఏటా అక్కర్లేదు, ఎండుటాకులు ఎక్కువైన ఏడాది చాలు. పిలకలు విడదీయాలంటే మాత్రం వానలు మొదలయ్యే ముందు చేయండి, కొత్తవి కొనే ఖర్చు తప్పుతుంది.