ఏడ్చేవాళ్ల దగ్గర వేదాంతం పనికొస్తుందా?

కాపరి మిత్రుడు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ వందనాలు. ఈ మధ్య సేవకుల కూడికలో ఒక మాట మీద గట్టి వాదన నడిచింది. "శవం పక్కన కూర్చున్నప్పుడు, గొడవపడిన భార్యాభర్తల మధ్య కూర్చున్నప్పుడు మనకు ప్రేమ, ప్రార్థన చాలు. వేదాంతం కాలేజీలో పరీక్షలు రాయడానికే" అని ఒక పెద్దాయన అన్నారు. (వేదాంతం అంటే ఇక్కడ దేవుడి గురించి మన క్రైస్తవ ఆలోచన, థియాలజీ.) చాలామంది ఆమేన్ అన్నారు. నేను అనలేకపోయాను. ఎందుకో ఇక్కడ రాస్తున్నాను, మీరూ చెప్పండి.

బిడ్డను పోగొట్టుకున్న తల్లితో "దేవుడికి తన తోటలో ఒక పువ్వు కావాల్సి వచ్చిందమ్మా, అందుకే తీసుకున్నాడు" అనడం మనమందరం విన్నాం. అన్నవాళ్లది మంచి మనసే. కానీ ఆ ఒక్క వాక్యంలో ఎంత వేదాంతం ఉందో చూడండి. ఆ చావుకు కారణం దేవుడేనని ఉంది. తనకు నచ్చినదాన్ని తల్లి ఒడిలోంచి లాక్కుంటాడని ఉంది. రేపటి నుంచి ఆమె ప్రార్థన చేయాల్సింది ఆ దేవుడికే. రెండో బిడ్డకు జ్వరం వచ్చిన రాత్రి ఆమె ఎవరిని తలచుకుని భయపడుతుంది?

వేదాంతం లేకుండా ఓదార్చేవాళ్లు ఎవరూ లేరు. ఉన్నదాన్ని పరిశీలించుకున్నామా లేదా అన్నదే తేడా. మన మాటలు, మన మౌనం, మనం ప్రార్థన ముగించే తీరు దేవుడి గురించి ఏం చెబుతున్నాయో వెనక్కి తిరిగి చూసుకోవడం కాపరి (పాస్టర్) పనిలో భాగమే. పనంతా అయ్యాక తీరిక ఉంటే చేసేది కాదు.

పాత సేవకుడు

బ్రదర్, మీ ఉదాహరణ నిజమే. కానీ దానికి మందు వేదాంతం కాదు, నోరు అదుపులో పెట్టుకోవడం. బైబిల్లో బిడ్డల్ని, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకున్న యోబును చూడండి. అతని స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పుస్తకం మొత్తంలో వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. వేదాంతం మొదలుపెట్టాకే యోబుకు రెండో శ్రమ మొదలైంది. "ఏడ్చువారితో ఏడువుడి" అన్నాడు పౌలు. వాళ్లకు వివరించమని అనలేదు.

కాలేజీలో నాకు త్రిత్వం నేర్పారు, 451లో జరిగిన కల్కెదోను సభ క్రీస్తు రెండు స్వభావాల గురించి ఏం తేల్చిందో నేర్పారు. సంతోషమే. ఐసీయూ బయట కుర్చీల్లో ఎదురుచూసే కుటుంబం పక్కన ఎలా కూర్చోవాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. అది సంఘంలోని పెద్ద తల్లులను చూసి నేర్చుకున్నాను. ఆదివారం ప్రసంగం, ఒక భూస్థాపన, హాస్పిటల్ విజిట్లు, కమిటీలో తగాదా, వీటి మధ్య కూర్చుని ఆలోచించే తీరిక ఎవరికుంది చెప్పండి?

బోధకురాలు

అన్నా, మీ అనుభవం ముందు నేను చిన్నదాన్ని. అయినా యోబు విషయంలో ఒక మాట. యోబూ మౌనంగా ఉండలేదు. అధ్యాయాలకు అధ్యాయాలు దేవుడితోనే వాదించాడు. చివర్లో దేవుడు కోపపడింది స్నేహితుల మీద. నా గురించి సరిగ్గా మాట్లాడింది యోబే, మీరు కాదు అన్నాడు (42:7). అంటే వేదాంతం మాట్లాడటం వాళ్ల తప్పు కాదు. "పాపం చేసినవాడికే కష్టం" అన్న తమ సూత్రాన్ని, ఎదురుగా బూడిదలో కూర్చున్న మనిషిని చూశాక కూడా సరిచూసుకోలేదు. అతను ఆ సూత్రంలో ఇమడకపోతే సూత్రాన్ని వదిలి మనిషిని దిద్దబోయారు.

కాలేజీల మీద మీ ఫిర్యాదు మాత్రం నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. దీన్ని ఎప్పుడో పట్టించుకున్న మనిషి ఒకరున్నారు. అమెరికాకు చెందిన అంటన్ బోయిసెన్ అనే సేవకుడు 1920లో తీవ్రమైన మానసిక జబ్బుతో హాస్పిటల్‌లో చేరాడు. కోలుకున్నాక, 1925లో మసాచుసెట్స్‌లోని వూస్టర్ స్టేట్ హాస్పిటల్‌లో వేదాంత విద్యార్థులను రోగుల మధ్యకు తెచ్చి శిక్షణ మొదలుపెట్టాడు. గ్రంథాలను ఎంత శ్రద్ధగా చదువుతామో బాధలో ఉన్న మనిషినీ అంత శ్రద్ధగా చదవాలన్నది ఆయన పట్టుదల. ఆ దారిలో పెరిగిన శిక్షణలో ఒక పద్ధతి ఉంది: రోగిని కలిసి వచ్చాక ఆ సంభాషణను గుర్తున్నంతవరకు మాటకు మాట రాసి, తోటివాళ్ల ముందు చదవాలి. అది ఎలా ఉంటుందో తెలియడానికి ఒకటి కల్పించి రాస్తున్నాను.

రోగి: రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు పాస్టర్ గారూ.
విద్యార్థి: డాక్టర్‌కి చెప్పారా?
రోగి: చెప్పాను, మాత్ర ఇచ్చారు. కళ్లు మూసుకుంటే భయం వేస్తోంది.
విద్యార్థి: భయపడకండి, దేవుడు మీతో ఉన్నాడు. ప్రార్థన చేద్దామా?
రోగి: సరేనండి.

మాటల్లో తప్పేమీ కనిపించదు. కాగితం మీద పెట్టి చదివితే తెలుస్తుంది, "దేని గురించి భయం?" అని ఆ విద్యార్థి అడగనేలేదు. ఆ ప్రార్థన తీర్చింది రోగి భయాన్ని కాదు, విద్యార్థి టెన్షన్‌ని. ఇంకాస్త లోపలికి వెళితే అసలు ప్రశ్న వస్తుంది. విశ్వాసికి భయం ఉండకూడదని అతను నమ్ముతున్నాడా? సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు కలవరపడి, చింతలో మునిగి, ఈ గిన్నె తొలగించమని అడిగాడు కదా, ఆ నమ్మకం అక్కడ నిలబడుతుందా? నేను వేదాంత ఆలోచన అంటున్నది దీన్నే. ఇది చేసిన విద్యార్థి తర్వాతి మంచం దగ్గర తొందరపడడు.

సంఘ సభ్యురాలు

నేను సేవ చేసేదాన్ని కాను. మా ఆయన పోయినప్పుడు వచ్చినవాళ్లంతా నిరీక్షణ వచనాలే చెప్పారు. ఒక్క పాస్టర్ గారు 88వ కీర్తన చదివారు. చివరిదాకా వెలుగు కనిపించని కీర్తన అది, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది. దానికి ఆయన ఏమీ కలపలేదు. నా మాట కూడా బైబిల్లో ఉందని ఆ రోజే నాకు తెలిసింది. పాత సేవకుడు గారూ, అది ప్రేమే, కాదనను. కానీ 23వ కీర్తన వదిలి 88 తీయాలంటే ఆయన ముందే ఎప్పుడో దాని గురించి గట్టిగా ఆలోచించి ఉండాలి కదండీ?

వాక్య ప్రియుడు

నాకు ఇంకో వైపు నుంచి భయంగా ఉంది. మనిషిని గ్రంథంలా చదవడం మొదలుపెడితే కొన్నాళ్లకు అనుభవమే వాక్యమై (బైబిలు స్థానంలో) కూర్చుంటుంది. పెరూ దేశపు వేదాంత పండితుడు గుస్తావో గుటియెర్రెజ్, వేదాంతం రెండో మెట్టు అన్నాడు, పేదలతో కలిసి నడవడం ముందు, ఆలోచన తర్వాత అని. నాకు ఆ క్రమమే మింగుడుపడదు. ముందు వాక్యం మాట్లాడాలి, మన అనుభవం వినాలి.

కాపరి మిత్రుడు

వాక్య ప్రియుడు గారూ, ఆ ఆలోచన వాక్యపు వెలుగులోనే జరగాలని కూడా గుటియెర్రెజ్ అన్నాడు, అది వదిలేయకండి. అయినా మీ భయానికి నేను ఆయన పేరు చెప్పను, స్విట్జర్లాండ్ వేదాంత పండితుడు కార్ల్ బార్త్ పేరు చెబుతాను. మనిషి అనుభవాన్ని వేదాంతానికి పునాది చేయడాన్ని బార్త్ అంత గట్టిగా ఎదిరించినవాళ్లు అరుదు. ఆయన 1911 నుంచి 1921 వరకు స్విట్జర్లాండ్‌లోని సాఫెన్‌విల్ అనే చిన్న ఊళ్లో కాపరి. ఫ్యాక్టరీ కార్మికుల పక్షాన మాట్లాడి యజమానుల కోపం తెచ్చుకున్నాడు. 1914లో తనకు పాఠం చెప్పిన జర్మన్ ప్రొఫెసర్లే యుద్ధాన్ని సమర్థిస్తూ సంతకాలు పెడితే, వాళ్ల దగ్గర నేర్చుకున్న వేదాంతం మీదే నమ్మకం పోయింది. ఆదివారం ఆ జనం ముందు నిలబడి ఏం చెప్పాలి? ఆ ఇబ్బందిలోనే, పక్క ఊరి కాపరి ఎడ్వర్డ్ తుర్నైసెన్‌తో కలిసి ఆలోచిస్తూ రోమా పత్రికను (పౌలు రోమా సంఘానికి రాసిన ఉత్తరాన్ని) మళ్లీ మొదటి నుంచి చదివాడు. దాని మీద రాసిన వ్యాఖ్యానం 1919లో వచ్చింది. ప్రశ్న సంఘంలో పుట్టింది, జవాబు కోసం వాక్యం దగ్గరికి వెళ్లాడు. అలా వెళితే అనుభవం వాక్యాన్ని తోసేయదు, ఇంకా శ్రద్ధగా చదివిస్తుంది.

పాత సేవకుడు

ఇవన్నీ బాగున్నాయి. ఇప్పుడు నా ప్రశ్న వినండి. రాత్రి ఫోన్ వస్తుంది. కుర్రాడు ప్రాణం తీసుకున్నాడు. మర్నాడే భూస్థాపన. ఆ తల్లి అడిగేది ఒకటే, "అయ్యగారూ, నా కొడుకు నరకానికి పోయాడా?" కమిటీలో ఒకాయన చర్చిలో ఆరాధన వద్దంటాడు. ఆ రాత్రి కాగితం తీసి సంభాషణ రాసుకోమంటారా?

బోధకురాలు

లేదన్నా. ఆ రాత్రి ఆలోచించడం ఎవరి వల్లా కాదు. అందుకే అది ముందే జరగాలి. ముందు ఆలోచించుకోకపోతే ఆ రాత్రి కమిటీలో గట్టిగా అరిచినాయన వేదాంతమే గెలుస్తుంది.

ఈ ప్రశ్న మీద సంఘం కూడా చాలా కాలం తీసుకుంది. రోమన్ కథోలిక సంఘం 1917లో తెచ్చిన న్యాయ సంహిత, బుద్ధిపూర్వకంగా ప్రాణం తీసుకున్నవారికి సంఘ భూస్థాపన లేదంది. 1983 సంహితలో ఆ నిషేధం లేదు. తీవ్రమైన మానసిక బాధ, భయం ఆ మనిషి బాధ్యతను తగ్గిస్తాయని, వాళ్ల రక్షణ విషయంలో నిరాశ పడకూడదని 1992లో వచ్చిన వారి ఉపదేశ గ్రంథం చెబుతోంది. ప్రాణం విలువైనదన్న బోధ అలాగే ఉంది. దాని పక్కన నలిగిపోయిన మనసు గురించిన ఎరుక చేరింది.

ఆ తల్లితో నేనైతే అనేది ఇది: "అమ్మా, తీర్పు నా చేతిలో లేదు, కమిటీ చేతిలోనూ లేదు. మీ బాబు ఎంత నలిగిపోయాడో దేవుడికి తెలుసు. మరణమైనా క్రీస్తు ప్రేమ నుంచి మనల్ని ఎడబాపలేదని పౌలు రాశాడు, నేను దాన్నే పట్టుకుంటున్నాను." ఆ తర్వాత మౌనంగా కూర్చుంటాను, మీరు చెప్పినట్టే. కానీ ఆ రెండు మాటలూ ఆమెకు కావాలి. అక్కడ మౌనం ఒక్కటే ఉంటే, కమిటీ పెద్దాయన మాటే నిజమని ఆమెకు వినిపిస్తుంది.

కాపరి మిత్రుడు

తీరిక గురించి: ఇద్దరు ముగ్గురు సేవకులు వారానికి ఒకసారి కలిసి, ఒకే ఒక్క సందర్భం తీసుకుని మాట్లాడుకుంటే చాలు. పేర్లు, గుర్తుపట్టే వివరాలు బయటికి రాకూడదు, ఇందులో రాజీ వద్దు. అక్కడ ఏం జరిగింది, నేనెందుకు అలా అన్నాను, అది ఎలాంటి దేవుణ్ణి చూపించింది, వాక్యం దానికి ఏమంటుంది, మళ్లీ వెళితే ఏం చేస్తాను. ఈ ఆఖరిది లేకపోతే మిగతాదంతా కబుర్లే.

పాత సేవకుడు

చెల్లెమ్మా, ఆ తల్లికి మీరిచ్చిన జవాబు నేను ఒప్పుకుంటున్నాను. మౌనం కొన్నిచోట్ల తీర్పులా వినిపిస్తుందన్నదీ ఒప్పుకుంటాను. కానీ ముందు పుస్తకం, తర్వాత మనుషులు అన్న మీ కాలేజీల వరసను ఒప్పుకోను. మొదటి సంవత్సరం పిల్లల్ని ఇద్దర్ని నాతో పంపించండి, ఇళ్లకూ హాస్పిటల్‌కూ తీసుకెళ్తాను. వాళ్లు రాసిన కాగితాలు నేనూ చదువుతాను. నా మాటలు కూడా అందులో రాయమనండి, వాటినీ పరిశీలించండి.