యూనిట్‌కి రూపాయి రాయితీ బిల్లులో ఎక్కడ పడుతుంది?

చర్లపల్లి మోల్డింగ్:
చర్లపల్లిలో మాది చిన్న ప్లాస్టిక్ మోల్డింగ్ షెడ్. సీసా మూతలు, స్విచ్‌బోర్డు ముక్కలు జాబ్‌వర్క్ మీద చేస్తాం. టీ-ఐడియా అనే తెలంగాణ పరిశ్రమల ప్రోత్సాహక పథకం కింద ఐదేళ్లపాటు కరెంటు యూనిట్‌కి రూపాయి వాపసు అన్నారు. బిల్లు ఎంత వెతికినా ఆ రూపాయి కనిపించదు. కొత్త ఆర్డర్‌కి రేటు చెప్పాలి, కరెంటు ఖర్చులోంచి దాన్ని తీసేసి చెప్పొచ్చా?

బాలానగర్ లేత్:
అక్కా, బిల్లులో ఎప్పటికీ పడదు. ప్రభుత్వం బిల్లులోనే తగ్గించాలంటే విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 65 ప్రకారం ఆ డబ్బు ముందుగా డిస్కంకి, అంటే కరెంటు సరఫరా చేసే కంపెనీకి, ప్రభుత్వమే కట్టాలి. మన రూపాయి దారి వేరు. బిల్లు పూర్తిగా కట్టేసి, ఆ కాగితాలతో పరిశ్రమల శాఖకి క్లెయిమ్ వేసుకోవాలి. మంజూరు కావడం ఒక ఎత్తు, బడ్జెట్ విడుదలై ఖాతాలో పడటం ఇంకో ఎత్తు. మంజూరు కాగితం చూపిస్తే వర్కర్లు జీతం తీసుకుంటారా? అందుకే నేనైతే కొటేషన్‌లో ఆ రూపాయి ఊసే ఎత్తను. వచ్చిననాడు బ్యాంకు అప్పుకి జమ చేస్తా. క్లెయిమ్ మాత్రం గడువులోపు వేయండి, అది వదులుకోవద్దు. ఎస్సీ, ఎస్టీ యజమానులకైతే టీ-ప్రైడ్ అనే పథకం కింద ఇదే వాపసు యూనిట్‌కి రూపాయిన్నర.

కాటేదాన్ ప్యాకింగ్:
రూపాయి సంగతి తర్వాత, ముందు బిల్లు చూడండి. యూనిట్లు కేవీఏహెచ్‌లో, అంటే పనికి రానిదీ కలిపి లాగిన మొత్తం కరెంటు మీద, వేస్తుంటే పవర్ ఫ్యాక్టర్ (అందులో నిజంగా పనికొచ్చే వంతు) తగ్గినకొద్దీ మీటరు ఎక్కువ తిరుగుతుంది. పవర్ ఫ్యాక్టర్‌ని దానంతటదే సరిచేసే ఏపీఎఫ్‌సీ ప్యానెల్‌లో కెపాసిటర్లు పని చేస్తున్నాయా? మా షెడ్‌లో సగం చచ్చిపోయి ఉన్నాయి, ఎవరూ చూడలేదు. ప్లాస్టిక్ కరిగించే బ్యారెల్ హీటర్లకి వేడి బయటికి పోకుండా ఇన్సులేషన్ జాకెట్ తొడిగించండి. మంజూరైన లోడ్‌లో వాడనిది ఉంటే తగ్గించమని అర్జీ పెట్టండి, ఫిక్స్‌డ్ చార్జీ ఆ మంజూరైన లోడ్ మీదే లెక్క.

చర్లపల్లి మోల్డింగ్:
కేంద్రం అడీటీ అని ఏదో పథకం తెచ్చిందట, అది మాకు వస్తుందా?

బాలానగర్ లేత్:
2025లో వచ్చింది. కరెంటు ఆదా చేసే మెషీన్ల అప్పు మీద సూక్ష్మ, చిన్న యూనిట్లకి 5 శాతం వడ్డీ రాయితీ, మధ్యతరహా వాటికి 3. ఫౌండ్రీ, ఫోర్జింగ్, ఫార్మా లాంటి 14 రంగాలకే. ప్లాస్టిక్ ఆ జాబితాలో లేదక్కా. ఇక్కడ ఫౌండ్రీవాళ్లకైతే బంగారం.

చర్లపల్లి మోల్డింగ్:
థ్యాంక్స్ అన్నా. ఆ రూపాయిని లెక్కలోకి తీసుకోకుండానే రేటు చెప్పాను, అప్పుడే మూతకి రెండు పైసలు తగ్గించమని బేరం మొదలైంది. కెపాసిటర్లు చూసే ఎలక్ట్రీషియన్ చర్లపల్లి వైపు ఎవరైనా ఉన్నారా?