థామస్ పాత ఎపిసోడ్లు నాలుగేళ్ల పిల్లాడికి చూపించవచ్చా?

చిన్నప్పటి నుంచీ నాకు మాట్లాడే రైలింజన్ల కథలతో వచ్చే పిల్లల టీవీ సీరియల్ ‘థామస్ అండ్ ఫ్రెండ్స్’ అంటే ప్రాణం. ఇప్పుడు మా బాబుతో కలిసి 2021లో మొదలైన దాని కొత్త కార్టూన్ రూపం ‘ఆల్ ఇంజిన్స్ గో’ చూస్తున్నాను. రంగులు, పాటలు వాడికి బాగా నచ్చాయి. నాకే మనసొప్పడం లేదు. ఇంజన్లు పట్టాల మీద గంతులేస్తాయేంటండీ! 1984లో బొమ్మ రైళ్లతో తీసినవాటిలో ఆ పొగ, ఆ బరువు నిజంగా ఉండేవి. నీలగిరి కొండరైలును చూసి చేసిన అషిమా అనే ఇంజన్ పాత్ర 2016లో వచ్చినప్పుడు ఎంత మురిసిపోయానో!

వాడికి పాతవి అలవాటు చేయాలని ఉంది. కానీ వానకు భయపడి సొరంగంలోంచి కదలనన్న హెన్రీ అనే ఇంజన్‌కి అడ్డంగా గోడ కట్టేసే కథ ఉంది కదా, దానికి జడుసుకుంటాడేమో. మీ పిల్లలు ఏ వయసులో చూశారు? ముందు 2009 తర్వాతి కంప్యూటర్ యానిమేషన్‌వి చూపించి, ఆపైన పాతవాటికి వెళ్లమంటారా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.