దువ్వెనకు వంగిన నీళ్ళ ధార: పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు కావాలి

దేవరకొండ మాస్టర్:
నమస్తే. దేవరకొండ దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. పోయిన మంగళవారం తొమ్మిదో తరగతిలో దువ్వెన ప్రయోగం చేశాను. ఎండాకాలం, గాలి బాగా పొడిగా ఉంది. ఒక పిల్ల నూనె పెట్టని తల నాలుగుసార్లు దువ్వి దువ్వెన నా చేతికిచ్చింది. నల్లా కొంచెమే తిప్పాను, దబ్బనం మందాన ధార. దువ్వెన దగ్గరికి తేగానే పక్కకు వంగింది. నీటి అణువుకు ఒక వైపు ప్లస్, ఒక వైపు మైనస్, అందుకే వంగిందని ఎప్పటిలాగే చెప్పాను.

ఆ పిల్లే లేచి, "సార్, వంగుతున్నయంటే కరెంటు మాట వింటున్నట్టే గదా. మరి ఉరికే అణువును ఆపొచ్చా?" అంది. ఏదో ఒకటి చెప్పి కూర్చోబెట్టడం ఇష్టంలేక రేపు చెబుతానన్నాను. ఇలా ఎవరైనా నిజంగా ఆపారా? ఇంకో అనుమానం. అణువులో ప్లస్, మైనస్ సమానం. ఒకదాన్ని లాగితే ఇంకోదాన్ని నెడుతుంది. మరి అణువు ఎటు పోవాలి?

మిర్యాలగూడ కెమిస్ట్రీ:
సార్, మీ రెండో అనుమానంతోనే మొదలుపెడతాను. విద్యుత్ క్షేత్రం అంతటా ఒకేలా ఉంటే అణువు ఉన్నచోటే తిరుగుతుంది, పక్కకు జరగదు. ఒక చోట బలంగా, పక్కనే బలహీనంగా ఉంటేనే లాగుడు, నెట్టుడు సరిసమానం కాకుండా కొంత మిగులుతుంది.

ఇంకో మాట. దువ్వెన దగ్గర అలా మిగిలేది చాలా తక్కువ. ధార అంతగా వంగడానికి ముఖ్య కారణం నీళ్ళకు ఆవేశం (చార్జ్) రావడం. దువ్వెన తనకు వ్యతిరేకమైన ఆవేశాన్ని నల్లా మూతి దగ్గరి నీళ్ళలోకి లాగుతుంది, ధార దాన్ని మోసుకుని దిగుతుంది. నేనూ చాలా ఏళ్ళు అణువుల పేరే చెప్పాను. తెలిశాక ఆ పాఠం మార్చుకున్నాను.

పాలమూరు అణుపుంజం:
నా పీహెచ్‌డీ ఈ పనిమీదే. పాపకు చెప్పండి సార్, ఆపొచ్చు, ఆపారు కూడా.

ముందు కష్టం ఎక్కడుందో చూడండి. యూరియా చల్లిన బత్తాయి తోటలో ముక్కుకు తగిలే అమ్మోనియానే తీసుకుందాం. దాని డైపోల్, అంటే ప్లస్, మైనస్ ఎంత, ఎంత ఎడంగా ఉన్నాయో కలిపి చెప్పే కొలత, 1.47 డిబై. సెంటీమీటరుకు లక్ష వోల్టుల క్షేత్రంలో పెట్టినా దాని శక్తి మారేది, వేడి లెక్కలో చెబితే, మహా అయితే 3.5 కెల్విన్లంత. గదిలో తిరిగే అమ్మోనియా 300 కెల్విన్ల వేడిలో, సెకనుకు దాదాపు 600 మీటర్ల వేగంతో ఉంటుంది. ఒక్క దెబ్బకు ఆగేది కాదు.

అందుకని కొంచెం కొంచెంగా తగ్గించారు. శ్రీశైలం ఘాట్ ఎక్కుతూ బైక్ న్యూట్రల్‌లో వేస్తే వేగం పడిపోతుంది కదా. అటువైపు దిగితే పోయిన వేగమంతా తిరిగొస్తుంది. అదే శిఖరం మీదికి చేరగానే గుట్టను మాయం చేస్తే? కొన్ని స్థితుల్లో ఉన్న అణువులకు క్షేత్రం పెరిగేకొద్దీ శక్తి పెరుగుతుంది, వాటికి బలమైన క్షేత్రం ఎత్తు గుట్టే. పైకి ఎక్కగానే వోల్టేజీ తీసేస్తారు, ముందు ఇంకో గుట్ట లేపుతారు. 1999లో నెదర్లాండ్స్‌లో బెత్లెమ్, బెర్డెన్, మైయర్ కార్బన్ మోనాక్సైడ్‌ను ఇలా 63 గుట్టలు ఎక్కించి సెకనుకు 225 మీటర్ల నుంచి 98కి దించారు. గతిజ శక్తిలో అయిదింట నాలుగు వంతులు పోయినట్టు. మరుసటి ఏడు డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న అమ్మోనియాను పూర్తిగా ఆపి, విద్యుత్ వలలో బంధించారు.

మళ్ళించడం ఇంకా పాతది. 1954లో అమెరికా శాస్త్రవేత్త టౌన్స్ బృందం మేజర్‌లో (లేజర్‌కు ముందు వచ్చిన, మైక్రోవేవ్‌లతో పనిచేసే యంత్రం) కడ్డీలకు ఒకటి విడిచి ఒకటి ప్లస్, మైనస్ ఇచ్చి, మధ్యలో అమ్మోనియా పుంజాన్ని పంపింది. నడిమధ్యలో క్షేత్రం సున్నా. పై శక్తి స్థితి అణువులకు బలమైన క్షేత్రం గుట్ట కాబట్టి అక్కడికే చేరతాయి, కింది స్థితివి బయటికి చెదిరిపోతాయి.

దేవరకొండ మాస్టర్:
ఇవాళ ముందు దువ్వెన పాఠం సరిచేశాను. తర్వాత ఆ కడ్డీలకు గుర్తుగా థర్మకోల్‌లో నాలుగు సైకిల్ పుల్లలు గుచ్చి, ప్లస్ వాటికి ఎర్ర దారం, మైనస్ వాటికి నల్ల దారం చుట్టి చూపించాను. పాప దాని చుట్టూ తిరిగి చూసి, "చెదిరిపోయినవి దండగేనా సార్? వాటిని నడుమ పట్టలేమా?" అంది.

పాలమూరు అణుపుంజం:
వాటికి బలమైన క్షేత్రమే పల్లం. కానీ ఖాళీ జాగాలో స్థిరమైన క్షేత్రం ఏ బిందువు దగ్గరా గరిష్ఠం కాజాలదు, అది ఎప్పుడూ కడ్డీల మీదే. అందుకే అవి కడ్డీలకు తగిలి పోతాయి. క్షేత్రాన్ని ఒకసారి నిలువునా, ఒకసారి అడ్డంగా వెంటవెంటనే మారుస్తూ పోతే వాటినీ మధ్యలో నిలపొచ్చు. ఎర్రవి రెండు ఒక పక్క, నల్లవి రెండు ఇంకో పక్క వచ్చేలా దారాలు మార్చి, ఆ పుల్లలను పావు చుట్టు తిప్పి చూపించండి సార్, తనకు అర్థమవుతుంది.