చర్చ: 2-బ్యాక్‌లో పొద్దున ఒక స్కోరు, సాయంత్రం ఇంకొకటి. డోపమైన్ పనేనా?

అలిపిరి_మెట్టు (తిరుపతి)
ప్రాజెక్టు కోసం హాస్టల్ పిల్లలకు 2-బ్యాక్ పెడుతున్నాం. అక్షరాలు ఒక్కొక్కటే చూపిస్తాం, రెండు అక్షరాల వెనక వచ్చిందే మళ్లీ వస్తే బటన్ నొక్కాలి. అక్షరం అర సెకను, మధ్యలో ఖాళీ రెండున్నర సెకన్లు. ఒకే మనిషికి పొద్దున 90 శాతం, సాయంత్రం 74. డోపమైన్ (మెదడు కణాల మధ్య సందేశాలు మోసే రసాయనం) తగ్గిందని రాసేయొచ్చా?

ఎమ్మార్‌పల్లి_ఫిల్టర్
రాయొద్దన్నా. ముందు లెక్క చూడు. 20 అక్షరాల్లో బటన్ నొక్కాల్సినవి 6 అయితే, చెయ్యే కదపనోడికి కూడా 14 సరైనవే, అంటే 70 శాతం. నీ 74 దానికి నాలుగడుగుల దూరంలో ఉంది. సరిగ్గా నొక్కినవి, తప్పుగా నొక్కినవి విడివిడిగా రాసుకుని డీ-ప్రైమ్ తీయి, అంటే నొక్కాల్సినవాటిని మిగతావాటి నుంచి ఎంత బాగా విడదీశాడో చెప్పే కొలత.

ఎరలు కూడా చూడు. ఒకటి వెనకో, మూడు వెనకో సరిపోయి రెండు వెనక సరిపోని అక్షరాలు పెట్టారా? అవి లేకపోతే ‘ఇందాక చూసినట్టుందే’ అన్న గుర్తుతోనే గట్టెక్కేస్తారు, వర్కింగ్ మెమరీతో (కాసేపు మనసులో పట్టుకుని వాడుకునే జ్ఞాపకంతో) పనే పడదు. మొదటి రెండు మూడు రౌండ్లు సాధన కింద వదిలేయాలి. సగం మందికి సాయంత్రం పరీక్షే ముందు పెట్టండి.

నీవానది_చిత్తూరు
డోపమైన్‌కు ఆధారం లేకపోలేదు. 1979లో కోతుల ముందుమెదడులో (నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో) డోపమైన్‌ను దాదాపు ఖాళీ చేస్తే, కిందటిసారి మేత ఏ వైపు దొరికిందో కొన్ని సెకన్లు గుర్తుంచుకునే పనిలో అవి ఆ భాగాన్ని కోసి తీసేసినంతగా దెబ్బతిన్నాయి. ఎల్-డోపా (మెదడులో డోపమైన్‌గా మారే మందు) ఇస్తే తేరుకున్నాయి. అట్లని ఎక్కువైతే మంచిదనుకోవద్దు. ఒత్తిడిలో అక్కడ డోపమైన్ మితిమీరి, దాన్ని అందుకునే డీ1 గ్రాహకాలు అతిగా కదిలినా ఇదే పని చెడుతుంది. సంగటికి నీళ్ల లాంటిది: తక్కువైతే ఉండలు, ఎక్కువైతే జావ.

ఆ కొలత మనిషికో రకం. కామ్ట్ అనే ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువులో వ్యాల్, మెట్ అని రెండు రకాలు. వ్యాల్ రకం డోపమైన్‌ను వేగంగా విరగ్గొడుతుంది, మెట్ రకం నిదానంగా. 2003లో డోపమైన్‌ను పెంచే ఆంఫెటమైన్ ఇచ్చి చూస్తే వ్యాల్ వాళ్ల ముందుమెదడు పనితీరు మెరుగైంది. మెట్ వాళ్లు 3-బ్యాక్‌లో (మూడు వెనక సరిచూసే పరీక్షలో) తడబడ్డారు. అయితే మందు లేకుండా స్కోరు మీద ఈ జన్యువు ప్రభావం దాదాపు ఏమీ లేదని తర్వాతి విశ్లేషణలు తేల్చాయి. జన్యుపరీక్ష చేయించి పిల్లల్ని విడదీయాలనుకుంటే డబ్బు దండగ.

కపిలతీర్థం_జల్లు
మందుల షాపులో దూలగొండి గింజల పొడి అమ్ముతున్నారు, డోపమైన్ పెరుగుతుందని. ఎవరైనా వాడొచ్చా?

నీవానది_చిత్తూరు
అందులో నిజంగానే ఎల్-డోపా ఉంది, చిక్కంతా అదే. డోపమైన్ మెదడు గోడ దాటదు, ఎల్-డోపా దాటుతుంది. కానీ చాలావరకు దారిలోనే, ఒంట్లోనే డోపమైన్‌గా మారిపోయి వాంతులు, బీపీ పడిపోవడం తెస్తుంది. అందుకే పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) మాత్రల్లో, ఒంట్లో ఆ మార్పును ఆపే కార్బిడోపా కలుపుతారు. పొడిలో ఎంత మోతాదుందో ప్యాకెట్టుకో రకం. పార్కిన్సన్స్, మానసిక చికిత్స మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టకూడదు. జ్ఞాపకం కోసం ఇది వద్దే వద్దు.

ఎమ్మార్‌పల్లి_ఫిల్టర్
మీ పరీక్షలో డోపమైన్ కంటే ముందు అనుమానించాల్సింది కాఫీని. కాఫీలోని కెఫీన్, నిద్రమత్తు తెచ్చే అడినోసిన్ గ్రాహకాల్ని మూస్తుంది, సగం కరగడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. పొగతాగేవాళ్లలో త్వరగా, గర్భనిరోధక మాత్రలు వేసుకునేవాళ్లలో చాలా ఆలస్యంగా. ‘రాత్రి నుంచి కాఫీ వద్దు’ అని పెట్టారో, రోజూ తాగేవాళ్ల తలనొప్పినే కొలుస్తారు. మానిన 12 గంటల నుంచే అది మొదలవుతుంది. అలవాటు ప్రకారమే తాగనిచ్చి, ఆఖరి కప్పు ఎన్నింటికో రాయించండి.

స్కానింగ్ కూడా చేస్తామంటే ఇంకా జాగ్రత్త. ఎఫ్‌ఎమ్మారై (పనిచేస్తున్న మెదడును చూపే స్కాన్) చూసేది న్యూరాన్లను (మెదడు కణాల్ని) కాదు, రక్తంలో ఆక్సిజన్ మార్పును. కెఫీన్ మెదడు రక్తనాళాల్ని ఇరుకు చేస్తుంది, అందువల్ల న్యూరాన్ల పని మారకపోయినా బొమ్మ మారొచ్చు. ఎక్కువ వెలిగితే బాగా పనిచేస్తోందని కూడా కాదు, అదే స్కోరుకు ఎక్కువ శ్రమ పడుతున్నట్టు కూడా కావచ్చు.

అలిపిరి_మెట్టు
సరే, ఎరలు పెట్టి మళ్లీ మొదలుపెడతాం. జలుబు మాత్రల సంగతి?

కపిలతీర్థం_జల్లు
క్లోర్‌ఫెనిరమిన్ ఉంటే ఆ రోజు పక్కన పెట్టండి. అది మెదడులోకి పోయి మెలకువగా ఉంచే హిస్టమిన్‌ను అడ్డుకుని మత్తు తెస్తుంది, జ్ఞాపకానికి కావాల్సిన అసిటైల్‌కోలిన్‌నూ కొంత అడ్డుకుంటుంది. స్ట్రిప్పు వెనక పేరు చదవమనండి. ‘జలుబు మాత్ర’ అని రాసుకుంటే పనికిరాదు.