రెండు దేశాల ఫార్ములా కాకుండా ఇజ్రాయెల్-పాలస్తీనాకి వేరే దారేమైనా ఉందా?

గోదారి_గట్టు:
1993 ఓస్లో ఒప్పందం నుంచీ రెండు దేశాలనే మాటే వింటున్నాం. పాలస్తీనా వాళ్లుండే వెస్ట్ బ్యాంక్‌లో ఇన్ని సెటిల్‌మెంట్లు (ఇజ్రాయెల్ వాళ్ల కాలనీలు) వచ్చాక సరిహద్దు గీత ఎక్కడ గీస్తారో నాకైతే అర్థం కావట్లేదు. పోనీ ఒకే దేశం అంటే రెండు వైపులా చాలామంది ఒప్పుకోరు. మధ్యలో ఇంకేమైనా ఉందా? తిట్టుకోకుండా చెప్పండి ప్లీజ్.

మిర్చిబజ్జీ:
‘ఎ ల్యాండ్ ఫర్ ఆల్’ అని ఇరువైపుల వాళ్లూ కలిసి నడిపే ఉద్యమం ఉందండీ. వాళ్లు చెప్పేది కూడా రెండు దేశాలే, 1967 యుద్ధానికి ముందున్న సరిహద్దే, కానీ మధ్యలో గోడ ఉండదు, రాకపోకలు మెల్లమెల్లగా తెరుస్తారు, జెరూసలేం ఇద్దరికీ రాజధాని. ఒక దేశ పౌరుడు రెండో దేశంలో నివాసిగా ఉండొచ్చు, పార్లమెంటుకి ఓటు మాత్రం సొంత దేశంలోనే. సెటిలర్లు, శరణార్థుల చిక్కులు రెండూ ఇలా కొంత సడలుతాయని వాళ్ల లెక్క.

ఊరిపెద్ద_కాదు:
కాగితం మీద బానే ఉంది. వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలంటారు కదా, ఒకరి చేతిలో చెక్‌పాయింట్లు, ఇంకొకరి చేతిలో పర్మిట్ కాగితం ఉంటే ఏం మాట్లాడుకుంటారు? 2023 అక్టోబర్ 7న హమాస్ దాడి, ఆ తర్వాత గాజాలో యుద్ధం చూశాక నమ్మకం ఎక్కణ్ణించి వస్తుంది?

పాత_రేడియో:
నిజమే, కానీ పేరెంట్స్ సర్కిల్ వాళ్లని చూడండి. 1995లో మొదలైన ఈ సంస్థలో, పిల్లల్ని, అన్నదమ్ముల్ని ఈ గొడవలో పోగొట్టుకున్న ఇరువైపుల కుటుంబాలు కలిసి పనిచేస్తున్నాయి, ఇప్పటికీ ఆపలేదు. ఆక్రమణ పోవాలని కూడా అడుగుతారు, ఉత్త కౌగిలింతల బ్యాచ్ కాదు.

గోదారి_గట్టు:
థ్యాంక్సండీ, దీని గురించి అసలు తెలీదు. చదివి మళ్లీ వస్తా.