“వెదురు చేవ వెలికి, మాను చేవ…” తరువాత ఏమిటి?

పొదిలి: దసరాకు మా వీధి పిల్లలు నాటకం వేస్తున్నారు. అట్ట విల్లు వద్దు, నిజంగా వంగేదే కావాలని మావాడి పట్టు. మార్కాపురంలో కర్రల అడితికి వెళితే టేకు రీపరు ఒకటి చూపించారు. పైన నున్నగానే ఉంది గానీ, చారలు జానెడు దూరం పోకముందే పక్కకు వాలి అంచు దాటిపోతున్నాయి. వంచితే సరిగ్గా అక్కడే చీలుతుందని వదిలేశాను. అప్పటినుంచీ చేవ (కర్రలో గట్టి భాగం) గురించి మా పెదనాయన అనే మాట ఒకటి వేధిస్తోంది: “వెదురు చేవ వెలికి, మాను చేవ…” ఆపైన “లోనికి” అనా, “లోతుకు” అనా?

కావలి: “లోనికి”. సందేహమే లేదు. అమరకోశంలో వెదురుకు త్వక్సారం, అంటే తొక్కలో సారమున్నది, అనే పేరుంది కదా. తమిళుల పాత వ్యాకరణం తొల్కాప్పియమైతే చేవ వెలుపల ఉంటే గడ్డి, లోపల ఉంటే చెట్టు అని తేల్చేసింది. ఆ లెక్కన మన తాడి కూడా గడ్డే!

పొదిలి: చేవ ఎక్కడ ఉందో నాకు తెలుసండీ. విల్లు చెక్కేటప్పుడు దాన్ని ఏ వైపు తిప్పాలన్నదే నా ప్రశ్న. “వెలికి” అంటే గురివైపు అనే కదా?

కనిగిరి: అసలు అది “వెలికి” కాదేమో, “వెలిది”. వెలిదమ్మిలో ఉన్నదే, తెల్లనిది అని. ఇంగ్లండు వాళ్ల పొడుగు విల్లు చూడండి. యూ కర్రలో బెరడు కిందున్న తెల్లచెక్క గురివైపు, ఎర్రటి చేవ విలుకాడి వైపు. తెల్లది సాగుతుంది, చేవ నొక్కుడుకు ఓరుస్తుంది. మీ పెదనాయన తెలుపు సంగతే చెప్పి ఉంటారు.

కావలి: చేవ ఏనాడైనా తెల్లగా ఉంటుందా? పైగా బొంగులో తెల్లగా, మెత్తగా ఉండేది లోపలి భాగం. “వెదురు చేవ వెలిది” అంటే అర్థమే తిరగబడుతుంది.

నెల్లూరు: బొంగులెందుకు, తడ కర్ర తెచ్చుకోండి. గొడ్డలి కామలకు పేరుపడ్డ కర్ర, వంగి లేస్తుంది. నిఘంటువుల్లో ధన్వనమంటే ఈ జాతి చెట్టే, ధన్వమంటే విల్లు. తడ ఊరికి ఆ పేరు దీనివల్లే వచ్చిందని నా నమ్మకం.

కావలి: నమ్మకం సరే, శాసనం ఏదీ?

కందుకూరు: ధన్వనం దాకా ఎందుకండీ, మన బిల్లుడు చెట్టు ఉంది. కన్నడంలో విల్లును బిల్లు అంటారు. మిగతాది మీరే ఊహించండి.

కనిగిరి: ఊహించాను, బలంగా నవ్వు వచ్చింది. విల్లుల మాట వచ్చింది కనుక, ఎఱ్ఱన కిరాతార్జునీయ ఘట్టం ఒకసారి తిరగేయండి. ప్రకాశం నీళ్లలో ఏముందో తెలుస్తుంది.

నెల్లూరు: అది నన్నయ భాగం. ఎఱ్ఱన అందుకునేసరికి అర్జునుడు పాశుపతం ఎప్పుడో తెచ్చేసుకున్నాడు. ఎఱ్ఱన రామోపాఖ్యానం చదవండి, అందులోనూ విల్లుంది. ఆయన గుడ్లూరు 2022లో మా జిల్లాలో చేరింది కనుక ఆ నీళ్లు కూడా మావే.

కందుకూరు: జిల్లాలు మారినా శంభుదాసుడైన ఎఱ్ఱన మారడు. మీకు తిక్కన చాలడా?

నెల్లూరు: తిక్కన విరాటపర్వంలో ఆయుధాలను జమ్మి మీద దాచాడే తప్ప జమ్మితో చేయించలేదు. కర్రల విషయంలో ఆయన జాగ్రత్తపరుడు.

పొదిలి: కవులను కాసేపు దించండి బాబూ. నేను పండిన బొంగు ఒకటి కొన్నాను. కణుపులు దూరదూరంగా ఉన్నాయి, పురుగు లేదు. నిలువునా చీల్చి, పచ్చటి తొక్కను ముట్టుకోకుండా గురివైపు ఉంచి, లోపలి మెత్తదనమే చెక్కుతున్నాను.

కావలి: సరిగ్గానే చేస్తున్నారు. ఇక మీ పెదనాయన “చేవ” అన్నారా, “చేగ” అన్నారా? రెండోదే పాత రూపమని నా అనుమానం.

పొదిలి: పెద్దమ్మకు ఫోను చేశాను. “చావ” అనేవారట. అంతకంటే పెద్ద చిక్కు, ఆ మాట విల్లుకు కాదట, కావడి బద్దకట.

కనిగిరి: కావడికైతే “వెలికి” అంటే పైకా, భుజం వైపుకా?

నెల్లూరు: పైకే. బరువుకు సాగేది పై ముఖం.

కావలి: భుజం వైపుకే. ఎందుకో రేపు వివరంగా రాస్తాను.